దమ్ము ఇడిసినంక తీసిన ఫొటో

లాల్‌దర్వాజాలో విఠల్‌రావు సారు మెడలో కెమెరా వేసుకుని గల్లీలోకి అడుగుపెట్టారంటే చాలు, జనం వాళ్లంతట వాళ్లే ఊపిరి బిగబట్టేస్తారు. పాలక్యాను పట్టుకుని పోతున్న మనిషి క్యానుతోనే ఆగిపోతాడు, ఛాతీ ముందుకు పెట్టి, భుజాలు వెనక్కి లాగి, కళ్లు ఇంతింత చేసుకుని. గడప మీద కూర్చుని చిక్కుడుకాయలు తుంచే ఆడవాళ్లు చేతిలో కాయ చేతిలో ఉండగానే బిగుసుకుపోతారు. ఈ ఐదేళ్లలో ఆయన తీసిన ఫొటోలన్నీ ఒక్కచోట పరిచి చూడండి, బస్తీ బస్తీ అంతా వరసకట్టి ఛాతీ పరీక్ష చేయించుకుంటోందా అని మీకే అనుమానం వస్తుంది.

ఆ అనుమానంలో తప్పేం లేదు. ముప్పై మూడేళ్లపాటు ఆయన చేసింది ఆ పనే మరి.

నదికి ఆవలి ఒడ్డున ఒక సర్కారు దవాఖానాలో ఎక్స్‌రే తీసే ఉద్యోగం ఆయనది. ఉర్దూ మాట్లాడేవాళ్లు వస్తే "సాంస్ లో... రోకో... హిల్నా నై!" అనేవారు. తెలుగువాళ్లు వస్తే "దమ్ము తీస్కోండ్రి... దమ్ము వట్టుండ్రి... కదలొద్దు!" అనేవారు. మీట నొక్కాక "ఇగ ఇడువుండ్రి" అనేవారు. రోజుకు వందసార్లు ఇదే పాట. మనిషి గదిలోకి రాగానే ఒక్క చూపుతో కొలిచేసేవారు. బక్క ఛాతీకి ఇన్ని, బరువు ఛాతీకి ఇన్ని అని అంకెలు తిప్పేవారు. రెండోసారి తీయాల్సిన అవసరం వచ్చేది కాదు. తోటివాళ్లు ఆయనకు 'మళ్లీ తీయని రావు' అని పేరు పెట్టారు. ఆ పేరు వినిపిస్తే ఇప్పటికీ ఆయన మీసం కొస ఒకసారి పైకి లేస్తుంది.

కదిలితే ఫిల్ము చెత్తబుట్టలోకే. ఆ ఒక్క సంగతీ ఆయన ఒంట్లో నెత్తురులా కలిసిపోయింది.

పదవీ విరమణ రోజున తోటివాళ్లంతా చందాలేసుకుని కెమెరా కొనిచ్చారు. ఖరీదైనదే. ఆయన ఆ కెమెరాను ఇంటికి తెచ్చి, దానితో వచ్చిన పుస్తకాన్ని మూడు రోజులు కూర్చుని చదివారు. నాలుగో రోజున నల్ల అట్ట నోటుబుక్కు ఒకటి కొన్నారు. అప్పటినుంచి తీసిన ప్రతి ఫొటోకూ ఆ నోటుబుక్కులో ఒక వరస. ఎవరిని తీశారో, ఎన్ని గంటలకు తీశారో, వెలుతురు ఎలా ఉందో, కెమెరా అంకెలు, అంటే షట్టర్ ఎంత, అపర్చర్ ఎంత, ఐఎస్ఓ ఎంత. మనిషి నవ్వాడా ఏడ్చాడా అన్నది రాయడానికి మాత్రం అందులో గడి లేదు.

"అహో, నన్ను ఎన్నిసార్లు తీశారు?" అని అడిగారు ఒకనాడు ఆయన భార్య రమాబాయి, జొన్నరొట్టె కాలుస్తూ.

ఆయన నోటుబుక్కు తిరగేసి, "నలభై ఒక్కసారి" అన్నారు.

"నలభై ఒక్కదాంట్లోనూ నాకు నిమోనియా ఉన్నట్టే ఉంది. ఒక్క ఫొటోలోనన్నా మందులు పనిచేయొద్దా?"

ఆవిడ నోటికి అడ్డు లేదు. వాళ్ల పూర్వీకులు ఎప్పుడో మరాఠ్వాడా నుంచి గుడి కొలువుకొచ్చి ఇక్కడే ఉండిపోయారు. నాలుగు తరాల నుంచి ఇంట్లో మరాఠీ, వాకిట్లో తెలుగు, బజార్లో ఉర్దూ; మొగుణ్ని 'అహో' అని పిలవడం ఆ మరాఠీయే. మూడు భాషల్లోనూ మొగుణ్ని ఆటపట్టించగల మనిషి ఆవిడ.

సారు నవ్వేసి ఊరుకున్నారు గాని, ఆ మాట లోపలెక్కడో గుచ్చుకుంది. ఎందుకంటే ఆయనకొక కోరిక ఉంది, ఎవరికీ చెప్పుకోలేనిది. తను తీసిన ఒక్క ఫొటో ఎవరో ఒకరి గోడ మీద ఉండాలి. ఒక్క గోడ, ఒక్క మేకు. ఐదేళ్లుగా బస్తీ అంతటికీ ఫొటోలు తీసి, కాగితం మీద వేయించి, కవర్లో పెట్టి మరీ ఇచ్చారు. అందరూ "మస్తుంది సార్" అన్నారు. అందరూ బీరువాలో పెట్టుకున్నారు. గోడకు ఒక్కరూ కొట్టలేదు.

ఈ సంగతి ఆయనకు ఖాయంగా తెలిసింది సత్తెమ్మ ఇంట్లోనే. గల్లీ చివర సత్తెమ్మ కొట్టం. పదకొండు బర్రెలు, ఒక దున్నపోతు. కొడుకు దుర్గయ్య పాలు పిండితే ఆవిడ కొలిచి పోస్తుంది. అరవై ఐదేళ్లుంటాయి, మనిషి గట్టిది, మాట ఇంకా గట్టిది. దసరా వెళ్లిన వారానికి సారు గిన్నె పట్టుకుని పాలకు పోతే, ఆవిడ ఇంటిగోడ మీద కొత్త ఫొటో కనిపించింది. ఎవరిదో పెళ్లిలో ఎవరో సెల్‌ఫోన్‌తో తీసింది. సగం మసక. సత్తెమ్మ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వుతోంది, చెయ్యి కదిలి మూడు చేతుల్లా ఉంది.

సారుకు ఒళ్లు మండింది. "సత్తక్కా, ఉగాదికి నేను ఇచ్చిన ఫొటో ఏది?"

"ఉన్నది సారూ, బీరువల. పట్టుచీర కింద."

"గదేమో బీరువల, గీ కదిలింది గోడకా? గందుల నీ చెయ్యి ఏది, మొఖం ఏది?"

సత్తెమ్మ పాలు కొలవడం ఆపింది. దాచుకునే అలవాటు ఆవిడకు లేదు. "సారూ, ఏమనుకోకు. నువ్వు తీసినదాంట్ల నా రవిక గుండీలు లెక్కవెట్టొచ్చు. మస్తు సాఫ్ ఉన్నది. గని గది నేను గాదు. దవాఖానల నీ ముంగట నిలవడ్డ సత్తెమ్మ. అప్పుడు గూడ గట్లనే నిలవడ్డ, నిమోనియా వచ్చినప్పుడు. నువ్వు కెమెరా ఎత్తంగనే నాకు గా గదే యాదికొస్తది."

బస్తీలో సగంమందికి ఆయనే ఎక్స్‌రే తీశారు కదా. అందుకే కెమెరా చూడగానే ఊపిరి ఆగేది. ఇన్నాళ్లూ జనం తన మాటను మన్నిస్తున్నారనుకున్నారు పాపం. పాలగిన్నె ఒలికిపోతున్నా చూసుకోకుండా ఇంటికి నడిచారు.

ఆ మర్నాడు ఆయన పాలకు పోలేదు. మూడో రోజు సత్తెమ్మే ఇంటికొచ్చింది. పాలు రమాబాయికిచ్చి, సారు ముందర చాప మీద కూర్చుంది.

"సారూ, నాకొక ఫొటో కావాలె" అంది.

సారు తన చెవులను తనే నమ్మలేదు. ఐదేళ్లలో ఇంతవరకూ ఎవరూ ఆ మాట అనలేదు. ఆయన తీస్తానంటే నిలబడ్డారు తప్ప, కావాలని అడిగినవాళ్లు లేరు.

విషయం ఏమిటంటే, కొట్టం ఎత్తేస్తున్నారు. గల్లీ ఇరుకైపోయింది, గడ్డి దొరకదు, పేడ పారబోసే జాగా లేదు. బర్రెలను కొనుక్కునేవాళ్లు కుదిరారు. దుర్గయ్య ఆ జాగాలో పాల ప్యాకెట్ల దుకాణం పెడతాడు. మిగిలింది దున్నపోతు లడ్డు. దాన్ని సిద్దిపేట దిక్కున పొలాలున్న సత్తెమ్మ తమ్ముడు తీసుకుపోతాడు. దీపావళి వెళ్లాక సదర్ అవుతుంది, సదర్ మర్నాడు బండి వస్తుంది.

ఇక్కడ లడ్డు గురించి ఒక మాట చెప్పాలి. పేరు విని చిన్నదనుకునేరు. గల్లీలో ఎదురొస్తే మనం ఎవరింటి గడప దొరికితే ఆ గడప ఎక్కాల్సిందే. పుట్టిన పూటే తల్లి చచ్చిపోతే, గుండ్రంగా ఇంతే ఉన్న దుడ్డెను సత్తెమ్మ ఒళ్లో పెట్టుకుని సీసాతో పాలు తాగించింది. లడ్డు అని అప్పుడు పిలిచిన పేరు, ఇప్పుడది ఏనుగంత అయినా అదే. దున్నపోతులను అలంకరించి ఊరేగించే సదర్ నాడు, పూసలూ గవ్వలూ నెమలీకలూ కట్టుకుని గల్లీలన్నీ తిరిగి, చివరికి అది సత్తెమ్మ గుమ్మం ముందర ఆగుతుంది. ఆవిడ హారతిస్తుంది. అది తల వంచుతుంది. ఎవరూ నేర్పలేదు. తొమ్మిదేళ్లుగా ఇదే జరుగుతోంది.

"పోరగాండ్లు ఫోన్లల్ల తీస్తరు సారూ. ఫోన్ పాడైతె ఫొటోలు గూడ పాయె. నాకు కాగితం మీద గావాలె. గా హారతి ఇచ్చేటప్పుడు, నేనూ వాడూ. గీసారి పోతె మళ్ల ఉండదు."

"తీస్త సత్తక్కా. పక్కా తీస్త!"

"గని ఒక్కటే మాట." సత్తెమ్మ వేలు చూపించింది. "నన్ను దమ్ము వట్టమనొద్దు."

సారు గుండె మీద చెయ్యి వేసుకుని ఒప్పుకున్నారు. ఆవిడ వెళ్లగానే నోటుబుక్కు తీసి కొత్త పేజీ తిప్పి, పైన 'లడ్డు' అని రాసి కింద రెండు గీతలు గీశారు. అరవై మూడేళ్ల మనిషి, పదో తరగతి పరీక్ష ముందు పిల్లాడిలా అయిపోయారు.

మర్నాడు పొద్దున్నే కొట్టానికి పోయి లడ్డును నాలుగు ఫొటోలు తీసి చూపించారు. కెమెరా వెనక చిన్న తెర మీద లడ్డును చూసి సత్తెమ్మ మొహం చిన్నబుచ్చుకుంది.

"ఏంది సారూ గిది? వాడు గింత నల్లగుంటె బూడిద పూసినట్టు చేసినవ్. సదర్ల ఎవడన్న జూస్తె మేం నూనె వెట్టలేదంటరు!"

సదర్ కట్టేవాళ్లకు అంతకన్నా పెద్ద మాట లేదు. దున్న ఒంటి మీద వెంట్రుకలు తీసి, కడిగి, నూనె పట్టించి అద్దంలా మెరిపిస్తేనే ఆ ఇంటికి మర్యాద. సారు తెర చూశారు, లడ్డును చూశారు. నిజమే, బూడిదరంగు. ఒక్క నిమిషం ఆలోచించగానే సంగతి అర్థమైంది. ఎదురుగా నల్లటిది కనబడేసరికి కెమెరా చీకటి అనుకుని, దానంతటది వెలుతురు పెంచేసింది. దాని లెక్క ప్రకారం సరైనదే. దానికి లడ్డు ఎవరో తెలియదు కదా! సారు వెలుతురు రెండు మెట్లు తగ్గించి మళ్లీ తీశారు. ఈసారి తెర మీద నల్లగా, నిగనిగలాడుతూ, నూనె మెరుపుతో సహా దిగింది.

"ఇప్పుడైండు నా లడ్డుగాడు!" అని సత్తెమ్మ చప్పట్లు కొట్టింది.

సారు సంబరం చూడాలి. నోటుబుక్కులో 'లడ్డు: రెండు మెట్లు కిందికి' అని రాసుకుని, ఊపు మీద ఇంకొకటి తీయబోతూ, అలవాటులో దున్నపోతు వైపు చెయ్యెత్తి "దమ్ము వట్టు" అనేశారు. లడ్డు ఫూమని ఒక్క ఊదు ఊదింది. కెమెరా అద్దం, సారు కళ్లజోడు, సారు మీసం అంతా తడి. పాలు పిండుతున్న దుర్గయ్య నవ్వాపుకోలేక పీట మీద నుంచి జారిపోయాడు.

తేరుకున్నాక అతనొక మాట చెప్పాడు. "సార్, ఫ్లాష్ మాత్రం కొట్టకు. డప్పులకు బెదరడు, పటాకులకు బెదరడు గని, కండ్లల్ల లైట్ కొడితె మాత్రం ఆగడు. గల్లీల లొల్లి అయితది."

అక్కడే వచ్చింది అసలు చిక్కు. లడ్డు గుమ్మం ముందుకు వచ్చేది దీపాలు పెట్టే వేళకు. ఫ్లాష్ లేకుండా ఆ వెలుతురులో తీయాలంటే రెండే దారులు. కెమెరా కన్ను ఎక్కువసేపు తెరిచి ఉంచాలి, అప్పుడు ఎదుటివాళ్లు కదలకూడదు. లేదా ఐఎస్ఓ అంకె బాగా పెంచాలి, అప్పుడు ఫొటో అంతా ఇసుక చల్లినట్టు గింజలు గింజలుగా వస్తుంది. ఇసుక పడ్డ ఫొటో సారు జీవితంలో తీయలేదు. కదలకుండా ఉండాలంటే ఊపిరి పట్టమనాలి. పట్టమననని మాటిచ్చారు.

సదర్ ముందు రోజు సాయంత్రం ఆయన మిద్దె మీద కూర్చుని లెక్కలు వేస్తుంటే రమాబాయి టీ తెచ్చారు. సంగతి విని, "ఇసుక పడితే పడనీయండి" అన్నారు.

"ఇసుక వడ్డ ఫిల్ము ఇస్తె డాక్టర్ మొఖం మీద కొడతడు రమా."

"సత్తెమ్మ డాక్టరా?"

సారు మళ్లీ లెక్కల మీదికి వంగారు. ఆవిడ టీ గ్లాసు గట్టు మీద పెట్టి దిగిపోయారు.

సదర్ రోజు మధ్యాహ్నం నుంచే గల్లీ గల్లీలా లేదు! రంగుల లైట్ల తోరణాలు, మూలమూలనా డప్పులు, చేతుల్లో పెద్ద పెద్ద మాలలు పట్టుకుని పరుగులు. పక్క బస్తీల దున్నపోతులు ఒక్కొక్కటే వస్తున్నాయి. కొమ్ములకు రంగులు, మెడకు గంటలు, కాళ్లకు గవ్వల పట్టీలు. రెండు కాళ్ల మీద లేచి నిలబడితే జనం ఈలలు వేస్తున్నారు. తీన్‌మార్ దెబ్బకు మిద్దెల మీద ఆడవాళ్లు కూడా భుజాలు ఆడిస్తున్నారు. సారు నాలుగింటికే సత్తెమ్మ గుమ్మానికి ఎదురుగా చెక్క స్టూలు వేసుకుని కూర్చున్నారు. కెమెరాను మూడు కాళ్ల స్టాండుకు బిగించి, అంకెలన్నీ సరిచూసి, నోటుబుక్కులో ముందే రాసి పెట్టుకున్నారు. ఇసుక దారి పట్టలేదు. ఎక్కువసేపు తెరిచే దారే ఎంచుకున్నారు. సత్తెమ్మ హారతిచ్చేటప్పుడు ఎలాగూ కదలదు కదా అని తనకు తనే నచ్చజెప్పుకున్నారు.

చీకటి పడుతుండగా గల్లీ మొగలో అరుపులు లేచాయి. "లడ్డు! లడ్డు!"

వచ్చింది! దుర్గయ్య ఒక పక్క పగ్గం, పాలేరు ఇంకో పక్క పగ్గం పట్టుకుని ఉండగా, నల్లటి నూనె మెరుపుతో, నెత్తి మీద నెమలీకల కుచ్చుతో, తోవంతా తనదే అన్నట్టు నడిచి వచ్చింది. సరిగ్గా గుమ్మం ముందర ఆగింది. సత్తెమ్మ ఎర్రంచు పసుపుచీర కట్టుకుని, పళ్లెంలో హారతి వెలిగించుకుని బయటికొచ్చింది. సారు కెమెరాలోంచి చూశారు. మంట కదులుతోంది. సత్తెమ్మ చెయ్యి కదులుతోంది. ఆవిడ పెదాలేవో మాట్లాడుతున్నాయి లడ్డుతో. లడ్డు చెవులాడుతున్నాయి. ఇలా తీస్తే అన్నీ మసకే. ఉన్నదొక్కటే అవకాశం, రేపు బండి! ఇచ్చిన మాట గొంతులో ఉంది, ముప్పై మూడేళ్ల అలవాటు నాలుక మీద ఉంది.

నాలుకే గెలిచింది.

"దమ్ము వట్టుండ్రి!" అని గల్లీ దద్దరిల్లేలా అరిచారు. "కదలొద్దు!"

చూడాలి ఆ వింత! సత్తెమ్మ పళ్లెం పట్టుకుని కొయ్యలా బిగుసుకుపోయింది. దుర్గయ్య పగ్గం పట్టుకుని బిగుసుకుపోయాడు. మిద్దెల మీద ఆడవాళ్లు భుజాలు అక్కడికక్కడే ఆపేశారు. డప్పు కొట్టేవాడు కర్ర గాలిలోనే ఉంచి నిలబడ్డాడు. అతనికీ ఎప్పుడో ఎక్స్‌రే తీసి ఉంటారు. గల్లీ గల్లీ అంతా ఛాతీలు పొంగించుకుని ఆగిపోయింది. సారు మీట నొక్కారు. క్లిక్.

తెర మీద చూసుకున్నారు. మచ్చ లేదు. మసక లేదు. లడ్డు నలుపు నలుపులా ఉంది, నెమలీక నెమలీకకూ రంగు తెలుస్తోంది. మధ్యలో సత్తెమ్మ, నిమోనియా వచ్చిన సత్తెమ్మ, గుడ్లు తేలేసి ఆయన వైపే చూస్తోంది. ఆవిడ పక్కనే లడ్డు ఉన్నా, లడ్డును చూడడం లేదు.

సారుకు ఏడుపొచ్చినంత పనైంది. ఒక్క మాట నిలబెట్టుకోలేకపోయానే అనుకున్నారు. అడక్క అడక్క ఒక్క మనిషి ఫొటో అడిగితే, ఆ మనిషిని మళ్లీ దవాఖానాలో నిలబెట్టేశానే! కెమెరాను స్టాండు మీద నుంచి ఊడబీకి చేతిలోకి తీసుకుని, నీరసంగా, ఎప్పుడూ అనే మాటే అన్నారు.

"ఇగ ఇడువుండ్రి."

ఇడిచారు! గల్లీ అంతా ఒక్కసారిగా హుఫ్ మంది. ఆ వెనకే ఎవరో కిసుక్కున నవ్వారు, అంతే, మిద్దెల మీద నుంచి నవ్వు జారి కిందికొచ్చింది. అందరితోపాటు లడ్డు కూడా ఇడిచింది. ముక్కుపుటాలు విప్పి ఫూమని ఊదితే హారతి ఆరిపోయింది, పళ్లెంలో కుంకుమ లేచి సత్తెమ్మ మొహం నిండా పడింది. "ఓర్నీ లడ్డుగా!" అని ఆవిడ పకపకా నవ్వింది. నవ్వుతూ నవ్వుతూనే పళ్లెం చంకలో ఇరికించుకుని, రెండు చేతులతో దాని మొహం పట్టుకుని, నుదురు నుదురుకు ఆనించింది. నవ్వు ఎక్కడ ఆగిందో, ఏడుపు ఎక్కడ మొదలైందో తెలియలేదు. లడ్డు తల వంచి ఊరికే నిలబడింది.

సారు వేలు నొక్కింది. ఆయన నొక్కలేదంటే నమ్మండి, వేలే నొక్కింది. 'ఇడువుండ్రి' అన్న తరవాత మీట నొక్కడం ఆ వేలు జన్మలో చేయని పని. అది ఆ వేలికి ఎలా తోచిందో ఇప్పటికీ ఆయనకు తెలియదు.

డప్పు మళ్లీ అందుకుంది. లడ్డును కొట్టంలోకి తోలుకుపోయారు. సత్తెమ్మ కొంగుతో మొహం తుడుచుకుని, సారు వైపు చూసి, వేలెత్తి బెదిరించింది. మాట తప్పినందుకు. సారు తల దించుకున్నారు.

ఇంటికొచ్చి, రోజూ చేసే పని మొదలుపెట్టారు. బాగున్నవి ఉంచడం, కదిలినవి తీసేయడం. మొదటిది ఉంచారు. రెండోది వచ్చింది. లడ్డు కొమ్ము ఒకటి ఫొటో అంచు దగ్గర తెగిపోయింది. సత్తెమ్మ చేతులు మసక. ఆరిన హారతి పొగ అడ్డంగా తెల్లటి గీతలా. తీసేయమంటావా అని కెమెరా అడిగింది. సారు బొటనవేలు మీట దగ్గరికి వెళ్లింది.

"ఆగండి" అన్నారు వెనక నుంచి రమాబాయి. కళ్లజోడు సరిచేసుకుని తెర మీదికి వంగారు. ఫొటోను ఈ అంచు నుంచి ఆ అంచుదాకా చూశారు. "మళ్లీ చూపించండి" అన్నారు.

నలభై ఒక్క ఫొటోల తరవాత మొదటిసారి ఆవిడ నోట ఆ మాట వచ్చింది. సారు బొటనవేలు వెనక్కి తీసుకున్నారు.

మర్నాడు బండి పదకొండున్నరకు. నయాపూల్ దగ్గర ఫొటోలు వేసే దుకాణం తెరిచేది పదింటికి. సారు తొమ్మిదిన్నరకే షట్టర్ ముందు నిలబడ్డారు. దుకాణం నడిపే శ్రవణ్ రెండు ఫొటోలూ చూసి, "మొదటిది సూపర్ సార్. రెండోది కదిలింది, వేస్ట్ అయితది" అన్నాడు.

"రెండూ వెయ్యి బేటా. రెండోది పెద్దగ వెయ్యి."

పెద్దది ఆరడానికి ఇంకాసేపు పట్టింది. బయటికొచ్చేసరికి పదకొండు దాటింది. ఆటో ఎక్కితే మదీనా చౌరస్తా దగ్గర ఇరుక్కుంది. పది నిమిషాలు చూసి, డబ్బులిచ్చి దిగిపోయి, ఫొటోలు ఛాతీకి అదుముకుని ఎండలో పరుగులాంటి నడక మొదలుపెట్టారు. చార్మినార్ దాటారు, గాజుల దుకాణాలు దాటారు. "హటో భాయ్, హటో" అంటూ తోపుడుబండ్ల మధ్య నుంచి దూరిపోయారు. శాలిబండ ఎత్తు ఎక్కేసరికి దమ్ము పీకుతోంది. అయినా ఆగలేదు.

బండి ఇంకా ఉంది! లడ్డు ఎక్కనని మొండికేసింది, అందుకే. అప్పుడే ఎక్కించి వెనక తలుపు గొళ్లెం పెడుతున్నారు. సత్తెమ్మ బండి కటకటాల్లోంచి చెయ్యి పెట్టి దాని మూతి నిమురుతోంది.

"సత్తక్కా!" అని పిలిచి కవరు చేతిలో పెట్టారు. మాట రావడం లేదు, అంత ఆయాసం.

దుర్గయ్య మొదటి ఫొటో తీసి చూసి, "మస్తుంది సార్" అన్నాడు. ఆ మాట వింటే సారుకు బీరువా తలుపు చప్పుడు వినిపించినట్టయింది. సత్తెమ్మ రెండోది తీసింది. చేతులు చాచి దూరంగా పట్టుకుంది, దగ్గరికి తెచ్చుకుంది. పెదాలు బిగబట్టింది. కుంకుమ మొహం, మూసిన కళ్లు, పొగ, వంగిన నల్లటి తల.

"గప్పుడే ఊదిండు" అంది మెల్లగా. "గిప్పుడే, సూడు, గిక్కడ. ఊది తల వంచిండు." వేలితో లడ్డు నుదుటి మీద రాసింది. "నల్లగనే ఉన్నడు. నూనె గూడ కనవడుతున్నది." తరవాత ఫొటోను లడ్డు వైపు తిప్పి కటకటాలకు ఆనించి పట్టుకుంది. "సూడరా. నువ్వే." లడ్డు దాన్ని వాసన చూసి నాకబోతే వెనక్కి లాక్కుని నవ్వింది, కళ్లనిండా నీళ్లతో నవ్వింది.

"సారూ."

"మాట దప్పిన సత్తక్కా. మాఫ్ చెయ్యి."

"గది ఇడిసిపెట్టు. ఇంకోటి తీస్కరా గిసొంటిదే. మా తమ్మునింట్ల గూడ పెట్టాలె, వాని కొట్టంల." కొడుకు వైపు తిరిగింది. "దుర్గయ్యా, ఏందిరా జూస్తున్నవ్? సుత్తె వట్రా. మేకు వట్రా!"

బండి గల్లీ మలుపు తిరిగేదాకా ఆవిడ ఒక చేత్తో ఫొటో పట్టుకుని, ఇంకో చెయ్యి ఊపుతూనే ఉంది. బండి కనబడకుండా పోయాక ఇంట్లోంచి టక్ టక్ టక్ అని సుత్తె చప్పుడు వినిపించింది. సారు గల్లీ మధ్యలో నిలబడి ఆ చప్పుడు మొత్తం విన్నారు. ఆయనకు ఎగిరి గంతేయాలనిపించింది. వయసు గుర్తొచ్చి మానుకున్నారు గాని, చెప్పొద్దూ, చిన్నగా ఒకటి వేశారు.

ఇంటికి వస్తూనే, చెప్పులు విడవకుండానే, "రమా! కెమెరా తీస్కరా! గడపల నిలవడు!" అని కేకేశారు.

"మళ్లీనా? నలభై రెండోదా?" రమాబాయి చేతులు కొంగుకు తుడుచుకుంటూ వచ్చి కెమెరా చేతికిచ్చి గుమ్మంలో నిలబడ్డారు.

"దమ్ము తీస్కో. వట్టు."

ఆవిడ అలవాటుగా ఛాతీ నింపుకుని, భుజాలు వెనక్కి లాగి, కళ్లు విప్పి నిలబడ్డారు. సారు కెమెరా కంటికి ఆనించుకుని నొక్కకుండా ఊరుకున్నారు. అయిదు అంకెలు లెక్కపెట్టారు. పది. ఆవిడ మొహం ఎర్రబడింది.

"ఇగ ఇడువు."

హుఫ్! "ఏంటండీ, చంపేద్దామనుకున్నారా నన్ను! అరవై దాటాయి, ఇంకా ఈ..." అంటూ ఆవిడ చెయ్యెత్తి మీదికి రాబోయారు, తిట్టబోయి నవ్వేశారు, నవ్వాపుకోలేక తలుపు పట్టుకున్నారు. సారు అప్పుడు నొక్కారు.

ఆ సాయంత్రం నోటుబుక్కులో రెండు వరసలు రాశారు. 'సత్తెమ్మ, లడ్డు' అని ఒకటి, 'రమ' అని ఒకటి. అంకెల గడులు ఖాళీగా వదిలేశారు. కావాలంటే కెమెరాలో ఉంటాయి, చూసి రాసుకోవచ్చు. ఆయన చూడలేదు.

నలభై రెండో ఫొటో ఇప్పుడు వాళ్ల ముందుగదిలో గడియారం కింద ఉంది. నోరు సగం తెరుచుకుని, చెయ్యి పైకెత్తి, అటు తిట్టూ ఇటు నవ్వూ కాకుండా ఉన్న రమాబాయి. మేకు ఆవిడే వెతికి తెచ్చుకున్నారు. కొట్టింది కూడా ఆవిడే.